బ్యాక్‌పోర్ట్ కమిట్ సందేశం

బ్యాక్‌పోర్ట్ కమిట్ సందేశం అనగా ఒక సాఫ్టువేరు యొక్క కొత్త వెర్షనులో చేసిన సవరణను అదే సాఫ్టువేరు యొక్క పాత వెర్షనుకు చేర్చేటప్పుడు ఆ మార్పుతో పాటు నమోదు చేసే వివరణ. ఈ సవరణ మొదట ఎక్కడ జరిగింది, దానిని ఎవరు వ్రాసారు, పాత వెర్షనుకు ఎవరు తెచ్చారు, తెచ్చేటప్పుడు ఏమైనా మార్చారా అనే విషయాలు ఇందులో ఉంటాయి. ఓపెన్ సోర్సు ప్రాజెక్టులలో ఈ వివరణ వ్రాయడానికి కొన్ని కట్టుబాట్లు ఏర్పడినవి. ఇవి అన్ని ప్రాజెక్టులలో ఒకే విధంగా లేవు. లినక్స్ కెర్నల్, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, పైథాన్, ఓపెన్‌స్టాక్, ఫ్రీబీఎస్‌డీ, డెబియన్, మీడియావికీ ప్రాజెక్టుల పద్ధతులు వీటిలో ముఖ్యమైనవి.

నేపథ్యం

పెద్ద సాఫ్టువేరు ప్రాజెక్టులలో పని సాధారణంగా పలు శాఖలలో జరుగుతుంది. కొత్త సదుపాయాలు, పెద్ద మార్పులు అన్నీ ప్రధాన శాఖలోకి వస్తాయి. ఇదివరకే విడుదల చేసిన వెర్షన్లకు విడిగా స్థిర శాఖలు ఉంటాయి. స్థిర శాఖలోకి కొత్త సదుపాయాలను రానివ్వరు. దోషాల సవరణలు, ముఖ్యంగా భద్రతా సవరణలు మాత్రమే వస్తాయి. ప్రధాన శాఖలో చేసిన సవరణను స్థిర శాఖకు తెచ్చి అతికించడాన్ని బ్యాక్‌పోర్ట్ అంటారు. ఇలా మార్పును అతికించడానికి ఉపయోగపడే చిన్న ఫైలును ప్యాచ్ అని, ఒక మార్పును ప్రాజెక్టు చరిత్రలో శాశ్వతంగా నమోదు చేయడాన్ని కమిట్ అని అంటారు.

పాత వెర్షన్లను ఇంతగా కాపాడవలసిన అవసరం వాడుకరుల నుండి వచ్చినది. ఉబుంటు దీర్ఘకాల మద్దతు వెర్షన్లు రెండేళ్ళకు ఒకటి చొప్పున వెలువడుతాయి. ఒక్కొక్కదానికి 5 సంవత్సరాల సాధారణ మద్దతు ఉంటుంది. నర్సంపేట వంటి పట్టణంలోని ఒక కళాశాల ప్రయోగశాలలో నలభై కంప్యూటర్లపై అటువంటి వెర్షను ఉన్నదనుకుంటే, కెర్నల్‌లో దోషం బయటపడిన ప్రతిసారీ మొత్తం వ్యవస్థను మార్చడం సాధ్యపడదు. పాఠ్యప్రణాళికలోని ప్రోగ్రాములు, ప్రింటరు, ప్రొజెక్టరు అన్నీ పాత వెర్షనుతోనే పరీక్షించి ఉంటాయి. అక్కడికి చేరవలసినది కొత్త వెర్షను కాదు, ఆ ఒక్క సవరణ మాత్రమే.

సందేశం యొక్క అవసరం

గిట్ అనే వెర్షను నియంత్రణ వ్యవస్థలో ప్రతి కమిట్‌కు ఒక గుర్తింపు ఉంటుంది. దీనిని హాష్ అంటారు. అంకెలు, ఆంగ్ల అక్షరాలు కలిసి ఇది సాధారణంగా 40 స్థానాల పొడవు ఉంటుంది. మార్పులోని విషయం, సందేశం, తేదీ, అంతకుముందు కమిట్ ఏది అనే వివరాలన్నిటి నుండి ఈ హాష్ లెక్కించబడుతుంది. కావున అదే సవరణను వేరొక శాఖలో అతికించిన వెంటనే దాని హాష్ మారిపోతుంది. రెండు శాఖలలో ఉన్నది ఒకే సవరణ అని హాష్‌ను బట్టి చెప్పడం అసాధ్యం.

ఈ లోటును తీర్చడానికి గిట్‌లో ప్యాచ్ గుర్తింపు అనే మరొక లెక్క కలదు. ఇది తేదీని, సందేశాన్ని వదిలిపెట్టి మార్పు యొక్క పాఠాన్ని మాత్రమే పోల్చుతుంది. అయితే పాత శాఖలో చుట్టుపక్కల కోడు కొద్దిగా వేరుగా ఉండి, ఒక్క పంక్తి సర్దవలసి వచ్చినా ఈ లెక్క కూడా తప్పుతుంది. బ్యాక్‌పోర్ట్‌లలో కష్టమైనవన్నీ ఇటువంటివే. అప్పుడు పాత శాఖలోని మార్పుకు, దాని మూలానికి మధ్య మిగిలే బంధం కమిట్ సందేశంలో మనిషి వ్రాసిన ఒక్క పంక్తి మాత్రమే. భూమి క్రయవిక్రయాలలో లింకు దస్తావేజు చేసే పని ఇక్కడ ఆ పంక్తి చేస్తుంది. అది పోతే ఆస్తి ఉన్నదే గాని హక్కు ఎక్కడి నుండి వచ్చిందో చూపలేము.

చరిత్ర

లినక్స్ కెర్నల్‌లో ప్రతి మార్పు చివర 'సైన్డ్-ఆఫ్-బై' అనే పంక్తిని వ్రాసే పద్ధతి 2004లో మొదలైనది. కెర్నల్‌లోని కోడు ఎక్కడి నుండి వచ్చిందనే విషయంపై ఎస్‌సీఓ అనే సంస్థ వ్యాజ్యం నడుపుతున్న కాలం అది. ఈ కోడును ఇవ్వడానికి నాకు హక్కు కలదు అని మార్పు పంపినవారు, దానిని ముందుకు చేరవేసినవారు వరుసగా తమ పేర్లతో ధ్రువీకరించడం దీని ఉద్దేశ్యం.

2005 మార్చిలో గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్, క్రిస్ రైట్ కలిసి కెర్నల్ స్థిర శాఖను ప్రారంభించారు. దానిలో మొదటి విడుదల 2.6.11.1. మరుసటి నెలలో లినస్ టోర్వాల్డ్స్ గిట్‌ను ప్రారంభించాడు. ఒక శాఖలోని కమిట్‌ను మరొక శాఖకు తెచ్చుకునే 'చెర్రీ-పిక్' అనే ఆదేశం గిట్‌లో ఉన్నది. తొలి రోజులలో ఈ ఆదేశం వాడితే, ఫలానా కమిట్ నుండి తెచ్చినది అనే వాక్యం సందేశం చివర దానంతట అదే చేరేది. తరువాత ఈ అలవాటును మార్చి, '-ఎక్స్' అనే ఐచ్ఛికాన్ని ఇచ్చినపుడే ఆ వాక్యం చేరేలా చేసారు. ఒక వ్యక్తి తన సొంత కంప్యూటరులోని శాఖ నుండి తెచ్చుకున్న కమిట్ హాష్ ఇతరులకు ఎందుకూ పనికిరాదు. రెండు శాఖలూ బహిరంగంగా ఉన్నపుడే ఆ వాక్యానికి విలువ ఉన్నదని గిట్ సహాయ పత్రం కూడా చెప్పుచున్నది. ఆ పత్రం ఇందుకు ఇచ్చిన ఉదాహరణ బ్యాక్‌పోర్టే.

లినక్స్ కెర్నల్ పద్ధతి

కెర్నల్ స్థిర శాఖ నియమాలలో మొదటిది, సవరణ గాని దానికి సమానమైనది గాని ముందుగా ప్రధాన శాఖలో ఉండి తీరాలి అన్నది. ఇది కఠినంగా కనిపించినా కారణం సులభమైనది. పాత శాఖలో మాత్రమే దోషాన్ని సరిచేస్తే, వాడుకరి కొత్త వెర్షనుకు మారినపుడు పోయిన దోషం తిరిగి వస్తుంది. సవరణ నిస్సందేహంగా సరైనదై, పరీక్షింపబడినదై ఉండాలి. చుట్టుపక్కల పంక్తులతో కలిపి 100 పంక్తులు మించరాదు అనే నియమం కూడా కలదు.

స్థిర శాఖలో చేరే ప్రతి మార్పు సందేశంలో, శీర్షిక తరువాత, మూల కమిట్ యొక్క పూర్తి హాష్‌ను వ్రాసి పక్కన 'అప్‌స్ట్రీమ్' అనే పదం చేర్చుతారు. అప్‌స్ట్రీమ్ అనగా ఎగువ. కాలువకు నీరు ఎగువ నుండి వచ్చినట్లు సవరణ ప్రధాన శాఖ నుండి దిగువకు వస్తుందని భావం. ఈ పంక్తి తరువాత మూల రచయిత వ్రాసిన వివరణను యథాతథంగా ఉంచుతారు. రచయితగా మొదట వ్రాసినవారి పేరే ఉంటుంది; బ్యాక్‌పోర్ట్ చేసినవారు దిగువన తమ 'సైన్డ్-ఆఫ్-బై' పంక్తిని చేర్చుతారు. పాత శాఖ కోసం ఏదైనా మార్చవలసి వస్తే, తమ సంతకానికి పైన చదరపు బ్రాకెట్లలో తమ పేరు, చేసిన మార్పు క్లుప్తంగా వ్రాస్తారు. ఇది మర్యాద కోసం మాత్రమే కాదు. ఒకరు వ్రాసిన కోడును మరొకరు మార్చి మొదటివారి పేరు మీదనే ఉంచితే, తరువాత దొరికిన తప్పు మొదటివారి ఖాతాలో పడుతుంది.

కెర్నల్ సహాయ పత్రాల పాత ప్రతులలో ఇందుకు 2008 మే 13 నాటి రెండు నిజమైన కమిట్‌లను ఉదాహరణగా ఇచ్చారు. ఒకటి 2.6 స్థిర శాఖలోనిది. 2.6.25లో స్కజీ నిల్వ వ్యవస్థకు సంబంధించి వచ్చిన దోషాన్ని అది సరిచేస్తుంది. శీర్షిక క్రింద మూల హాష్, 'అప్‌స్ట్రీమ్' అనే పదం ఉన్నవి. రెండవది 2.4 శాఖలోని ఒక వైర్‌లెస్ డ్రైవరు సవరణ, అందులో 2.6లోని ఫలానా కమిట్‌కు బ్యాక్‌పోర్ట్ అని చదరపు బ్రాకెట్లలో ఉన్నది. రూపం వేరైనా రెండింటిలో సమాచారం ఒకటే.

బ్యాక్‌పోర్ట్‌కు సంబంధించిన సమాచారం మూల సందేశంలో కూడా ఉంటుంది. ప్రధాన శాఖకు సవరణ పంపేవారు దానిని స్థిర శాఖకు కూడా పంపదలచితే, సందేశం చివర స్థిర శాఖ చిరునామాను 'సీసీ' పంక్తిగా చేర్చుతారు. ఏ వెర్షను నుండి అవసరమో, ముందుగా మరే కమిట్ కావాలో కూడా అదే పంక్తిలో గుర్తు పెట్టవచ్చును. 'ఫిక్సెస్' అనే మరొక పంక్తిలో దోషాన్ని మొదట ప్రవేశపెట్టిన కమిట్ హాష్‌లోని మొదటి 12 స్థానాలు, దాని శీర్షిక వ్రాస్తారు. అన్ని పంక్తులలో బహుశా ఇదే ఎక్కువ ఉపయోగకరమైనది. దోషం 5.4లో పుట్టినదని తెలిస్తే 4.19 శాఖకు ఈ సవరణ అవసరం లేదని తెలిసిపోతుంది. ఇదివరకే బ్యాక్‌పోర్ట్ చేసిన సవరణలోనే దోషం ఉన్నదని తరువాత బయటపడితే, దానిని తెచ్చుకున్న శాఖలన్నీ కొత్త సవరణను కూడా తెచ్చుకోవాలని ఈ పంక్తి ద్వారానే పరికరాలు గుర్తిస్తాయి.

2024 ఫిబ్రవరిలో కెర్నల్ ప్రాజెక్టు తన భద్రతా లోపాలకు సీవీఈ సంఖ్యలను తానే కేటాయించే అధికారం పొందినది. అప్పటి నుండి ఏ లోపం ఏ వెర్షనులో మొదలై ఏ వెర్షనులో పోయినదో తేల్చడానికి ఈ పంక్తులే ఆధారమైనవి.

డర్టీ కౌ ఉదంతం

2016 అక్టోబరులో బయటపడిన డర్టీ కౌ అనే లోపం (సీవీఈ-2016-5195) ద్వారా సాధారణ వాడుకరి చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న ఫైలును మార్చి, యంత్రంపై పూర్తి అధికారం పొందగలిగేవాడు. లినక్స్ నడిచే సర్వర్లతో పాటు ఆండ్రాయిడ్ ఫోన్లు కూడా దీని బారిన పడ్డాయి.

దీని సవరణను టోర్వాల్డ్స్ స్వయంగా వ్రాసాడు. మార్పు చిన్నది, సందేశం మాత్రం చరిత్ర పాఠం వంటిది. ఇది చాలా పాత దోషమని, 11 సంవత్సరాల క్రితం తానే సరిచేయబోయి సరిగా చేయలేకపోయానని, ఎస్390 అనే యంత్రాలలో ఇబ్బంది రావడం వలన ఆ మార్పును మరొక కమిట్ రద్దు చేసినదని అందులో తెలిపాడు. రెండు పాత కమిట్‌ల హాష్‌లను, శీర్షికలను పేర్కొన్నాడు. ఒకప్పుడు సిద్ధాంతరీత్యా మాత్రమే సాధ్యమైన ఈ స్థితి, కెర్నల్ మారడం వలన ఇప్పుడు సులభంగా కలుగుచున్నదని కూడా వివరించాడు. 4.8.3, 4.7.9, 4.4.26 విడుదలలు అక్టోబరు 20న వెలువడినవి. వాటిలో ఇదే సందేశం మూల హాష్ పంక్తితో సహా ఉన్నది. ఇంకా పాతవైన 3.10, 3.2 వంటి శాఖలకు కూడా సవరణ చేరినది.

ఆ సందేశంలో ఎస్390 ప్రస్తావన లేకున్నచో, పాత శాఖలను చూసేవారు అదే పొరపాటును మళ్ళీ చేసే అవకాశం ఉండేది. మార్పు ఏమి చేస్తుందో కోడు చూపుతుంది. ఇంతకుముందు ఎందుకు విఫలమైనదో సందేశం తప్ప ఏదీ చెప్పదు. 2017 నవంబరులో డర్టీ కౌ సవరణ సంపూర్ణం కాదని తెలిసి మరొక లోపం (సీవీఈ-2017-1000405) నమోదైనది. మొదటి సవరణను తెచ్చుకున్నవారు మరల వెనుకకు వెళ్ళి తమ శాఖలను వెతుక్కోవలసి వచ్చినది.

ఇతర ప్రాజెక్టులు

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేస్ ప్రాజెక్టు పద్ధతి కెర్నల్‌కు పూర్తిగా భిన్నం. అక్కడ ఒక సవరణను మద్దతు ఉన్న శాఖలన్నిటిలో దాదాపు ఒకే సమయంలో, ఒకే సందేశంతో కమిట్ చేస్తారు. ఎంత వెనుకటి వెర్షను వరకు చేర్చారో 'బ్యాక్‌ప్యాచ్-త్రూ' అనే పంక్తి తెలుపుతుంది. మూల హాష్ వ్రాయరు. రచయిత, సందేశం ఒకటే అయి సమయం దగ్గరగా ఉన్న కమిట్‌లను ఒక చిన్న ప్రోగ్రాము జతపరచి విడుదల వివరాలు తయారు చేయడానికి తోడ్పడుతుంది. కాబట్టి ఒక శాఖలో సందేశాన్ని సరదాగా ఒక్క మాట మార్చినా లెక్క తప్పుతుంది.

పైథాన్‌లో ఈ పని ఎక్కువ భాగం యంత్రానికి అప్పగించారు. ప్రధాన శాఖలో మార్పు ఆమోదం పొందినపుడు దానికి తగిలించిన చీటీని బట్టి ఒక బాట్ పాత శాఖలకు ప్రతిపాదనలు తయారు చేస్తుంది. శీర్షిక మొదట చదరపు బ్రాకెట్లలో శాఖ సంఖ్య, చివర మూల ప్రతిపాదన సంఖ్య ఉంటాయి.

ఉబుంటు కెర్నల్ బృందం ఒక సున్నితమైన తేడాను పాటిస్తుంది. సవరణ ఏ మార్పూ లేకుండా అతికితే 'చెర్రీ పిక్డ్' అని, సర్దవలసి వస్తే 'బ్యాక్‌పోర్టెడ్' అని వ్రాస్తారు. సమీక్షించేవారు ఏది జాగ్రత్తగా చదవాలో ఆ ఒక్క మాటతో తెలిసిపోతుంది. ఆండ్రాయిడ్ కెర్నల్‌లో ఇదే తేడాను శీర్షిక మొదట 'అప్‌స్ట్రీమ్', 'బ్యాక్‌పోర్ట్' అనే పదాలతో చూపుతారు. ఓపెన్‌స్టాక్‌లో అతికించేటప్పుడు ఏయే ఫైళ్ళలో ఘర్షణ వచ్చినదో ఆ పట్టికను సందేశంలోనే ఉంచమంటారు. ఫ్రీబీఎస్‌డీలో 'ఎంఎఫ్‌సీ ఆఫ్టర్' అనే పంక్తి ఎన్ని రోజుల తరువాత స్థిర శాఖకు చేర్చాలనుకుంటున్నారో తెలుపుతుంది. గడువు కాగానే ఆ వ్యక్తికి గుర్తుచేసే ఏర్పాటు ఉన్నది. డెబియన్‌లో కమిట్ సందేశానికి బదులు ప్యాచ్ ఫైలు తలభాగంలోనే మూలం ఏది, ప్రధాన ప్రాజెక్టుకు పంపారా లేదా అనే వివరాలు వ్రాసే పద్ధతి ఉన్నది.

మీడియావికీ, తెలుగు వికీపీడియా

2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా మీడియావికీ అనే సాఫ్టువేరుపై నడుస్తుంది. ఈ సాఫ్టువేరు కొత్త కూర్పు వారానికొకటి చొప్పున వికీమీడియా ప్రాజెక్టులకు దశలవారీగా చేరుతుంది. వికీపీడియాలలో అధిక భాగానికి ఇది గురువారం నాడు అందుతుంది. ఆ కూర్పులో ఏదైనా దోషం కనబడితే, ఉదాహరణకు దిద్దుబాటు పెట్టెలో తెలుగు టైపింగు పనిచేయకపోతే, మరుసటి వారం వరకు ఆగకుండా సవరణను ఆ వారపు శాఖకే బ్యాక్‌పోర్ట్ చేయవచ్చును. ఇందుకు రోజులో నిర్ణీత సమయాలు కలవు.

2012 నుండి మీడియావికీ మార్పుల సమీక్షకు గెరిట్ అనే వ్యవస్థ వాడుకలో ఉన్నది. ఇందులో ప్రతి సందేశం చివర రెండు పంక్తులు ముఖ్యం. 'బగ్' అనే పంక్తిలో దోష నివేదిక సంఖ్య, 'చేంజ్-ఐడీ' అనే పంక్తిలో ఆ మార్పు గుర్తింపు ఉంటాయి. మార్పును మరొక శాఖకు తెచ్చినపుడు హాష్ మారినా చేంజ్-ఐడీని మార్చరాదు. అప్పుడు దానితో వెతికితే అన్ని శాఖలలోని ప్రతులు ఒక్కచోట కనబడతాయి. దోష నివేదిక సంఖ్య ఉన్నందువలన సమస్యను తెలిపిన వాడుకరికి కూడా సవరణ ఎప్పుడు తన వికీకి చేరినదో తెలుస్తుంది.

సందేశం అందని చోట

ప్యాచ్‌ల చరిత్ర బయటకు కనబడనపుడు వాడుకరికి వెర్షను సంఖ్య మాత్రమే మిగులుతుంది. అది చాలదని 2014 ఏప్రిల్ 7న బయటపడిన హార్ట్‌బ్లీడ్ లోపం చూపినది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.0.1 నుండి 1.0.1ఎఫ్ వరకు లోపం ఉన్నది, 1.0.1జీలో సరిచేసారు. డెబియన్ 7, రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 6.5 మాత్రం తమ 1.0.1ఇ వెర్షనుకే సవరణను బ్యాక్‌పోర్ట్ చేసినవి. సంఖ్యను మాత్రమే చూస్తే సరిచేసిన యంత్రం కూడా ప్రమాదంలో ఉన్నట్లే కనబడుతుంది. ప్యాకేజీ మార్పుల పట్టికలో సీవీఈ-2014-0160 అనే సంఖ్యను వెతికినవారికి మాత్రమే నిజం తెలిసేది.

రెడ్ హ్యాట్ సంస్థ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 6 కెర్నల్ సోర్సును విడివిడి ప్యాచ్‌లుగా కాక, అన్నీ కలిపివేసిన ఒకే ముద్దగా విడుదల చేయుచున్నదని 2011లో చర్చ జరిగినది. కోడు మొత్తం అందుబాటులోనే ఉన్నది, లైసెన్సు ఉల్లంఘన ఏదీ లేదు. అయినను ఏ పంక్తి ఏ సవరణలో భాగమో బయటివారు తేల్చడం చాలా కష్టమైనది.

తెలుగువారికి బాగా గుర్తుండే ఉదంతం ఓపెన్ సోర్సుకు బయట జరిగినది. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే తెలుగు అక్షరం యొక్క ఒక రూపం కలిగిన సందేశం చేరగానే ఆపిల్ ఫోన్లలోని అప్లికేషన్లు మూతపడేవి. జ్ఞానం, విజ్ఞానం అని మామూలుగా టైపు చేస్తే ఈ ఇబ్బంది లేదు. ఒత్తుకు, దీర్ఘానికి మధ్య కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు చేరిన రూపమే దోషానికి కారణం. బెంగాలీ, దేవనాగరి లిపులలోని కొన్ని కూర్పులతో కూడా ఇలాగే జరిగేది. పరీక్షాదశలో ఉన్న ఐఓఎస్ 11.3లో ఈ దోషం లేదు. అది విడుదలయ్యే వరకు ఆగకుండా ఆపిల్ ఫిబ్రవరి 19న 11.2.6ను విడుదల చేసినది. వాడుకరి దృష్టిలో ఇది బ్యాక్‌పోర్టే. అయితే బయటకు తెలిసినది సీవీఈ-2018-4124 అనే సంఖ్య, కోర్‌టెక్స్ట్ అనే భాగంలో మెమొరీ దోషాన్ని సరిచేసాము అన్న ఒకటి రెండు వాక్యాలు మాత్రమే. తెలుగు లిపిని చూపించే ఇతర సాఫ్టువేర్లు తయారు చేసేవారికి అందులో నేర్చుకోవడానికి ఏమీ దొరకలేదు.

విమర్శలు

ఈ పంక్తులన్నీ వ్రాయడం కొత్తవారికి భారంగా తోచుతుంది. ఒక పంక్తి మార్పుకు పది పంక్తుల సందేశం వ్రాయవలసి రావడం కెర్నల్‌లో సామాన్యమే. కెర్నల్‌పై ఉన్న తీవ్రమైన విమర్శ మాత్రం వేరు. భద్రతా సవరణలలో చాలా వాటి సందేశాలలో అది భద్రతా లోపమన్న మాటే ఉండేది కాదు. దోషాలన్నీ దోషాలేనని, భద్రతా దోషాలను ప్రత్యేకంగా గొప్ప చేయనవసరం లేదని టోర్వాల్డ్స్ 2008లోనే వాదించాడు. దాని ఫలితంగా పాత శాఖలను సొంతంగా నడిపే సంస్థలు ఏది అత్యవసరమో ఊహించుకోవలసి వచ్చేది.

'సీసీ' పంక్తి చేర్చడం మరచిన సవరణలను గుర్తించడానికి సాషా లెవిన్ యంత్రాభ్యాసంతో పనిచేసే ఆటోసెల్ అనే పద్ధతిని ప్రవేశపెట్టాడు. ఇది సందేశంలోని పదాలను, కోడులోని మార్పును పరిశీలించి స్థిర శాఖకు తగినవాటిని సూచిస్తుంది. అవసరం లేనివి, పాత శాఖలో లేని మరొక మార్పుపై ఆధారపడినవి కూడా ఈ దారిలో వచ్చి కొత్త దోషాలు తెచ్చాయని కొందరు నిర్వాహకులు అభ్యంతరం తెలిపారు. ఫలానా సవరణను యంత్రం ఎంచుకోరాదని, ఎందుకు కూడదో కారణంతో సహా తెలిపే వేరొక 'సీసీ' పంక్తి తరువాత నియమాలలో చేరినది.